పరికరము చెడినదా, పరిచయము కుదరలేదా?

బొటనవ్రేలంత వస్తువు. కంప్యూటరు ప్రక్కనున్న యూఎస్‌బీ రంధ్రములో దానిని గ్రుచ్చినచో, తీగ లేకయే ఇంటర్నెట్టు అందవలెను. గ్రుచ్చినారు, అందలేదు. తీసి మరల గ్రుచ్చినారు, ఫలితము శూన్యము. "ఇది చెడిపోయినది" అని తీర్పు చెప్పి, మరునాడు బజారునకు పోయి మరియొకటి తెచ్చినారు. అదియు పలుకలేదు. తండ్రి సొమ్ము రెండు మారులు వ్యయమైనది. "ఈ విద్య మన వంటివారికి కాదు" అని పిల్లవాడు చేతులు ముడుచుకొన్నాడు. ఈ విధముగా పారవేయబడు పరికరములలో పెక్కింటికి ఏ జబ్బును లేదని శ్రోతలకు మనవి చేయదలచినాము.

మేము ప్రస్తావించు కంప్యూటరు పేరు రాస్ప్‌బెర్రీ పై. బాలబాలికలకు కంప్యూటరు విద్యను చౌకగా అందింపవలెనను సంకల్పముతో ఇంగ్లండులోని కేంబ్రిడ్జివారు 2012 ఫిబ్రవరిలో దీనిని వెలువరించినారు. అరచేతిలో ఇమిడిపోవు పలక. నాటి వెల 35 డాలర్లు. ఆ తొలి పలకలలో వైర్‌లెస్ సౌకర్యము లేదు. 2016లో వచ్చిన మూడవ తరము పలకతో అది లోపలనే చేరినది. కావున పాఠశాలల బీరువాలలో మిగిలియున్న పాత పలకలకు నేటికిని ఈ బొటనవ్రేలి పరికరమే ఆధారము. క్రొత్త పలకను ఇనుప పెట్టెలో అమర్చినప్పుడును, రౌటరు దూరముగా నున్నప్పుడును, పొడవైన ఏరియల్ గల ఇట్టి పరికరము అవసరపడుచుండును.

పరికరము భాష వేరు. పలకను నడుపు లినక్స్ భాష వేరు. ఇద్దరి నడుమ దుబాసీ యొకడు కావలెను. ఆ దుబాసీనే డ్రైవరు అందురు. దుబాసీ రానిచో ఇరువురును మౌనము వహింతురు. ఆ మౌనమును చూచి మనము పరికరము చచ్చినదని భ్రమపడుచున్నాము. నిజము తెలిసికొనుటకు ఒక క్రమము కలదు.

మొదట విద్యుత్తును పరీక్షింపవలెను. సెల్‌ఫోను కొరకు కొన్న బలహీనమైన ఛార్జరుతో పలకను నడుపువారు పెక్కుమంది. 5 వోల్టులు ఉండవలసినచోట 4.63 వోల్టులకు దిగినచో పలక హెచ్చరిక చేయును. అట్టి స్థితిలో వైర్‌లెస్ పరికరము ఒక క్షణము కనబడి మరుక్షణము మాయమగును. మంచి ఛార్జరు గాని, స్వంత విద్యుత్తు గల యూఎస్‌బీ హబ్బు గాని పెట్టి చూడక డ్రైవరును నిందించుట న్యాయము కాదు.

పిదప పరికరమునే "నీవెవరు?" అని అడుగవలెను. ఎల్, ఎస్, యు, ఎస్, బి అను అయిదు చిన్న అక్షరములు ఎడము లేకుండ టైపు చేసినచో, తగిలించియున్న పరికరములన్నియు తమ గుర్తింపు సంఖ్యలను చెప్పును. పెట్టెపై ముద్రించిన పేరును నమ్మరాదు. లోపలి చిప్పు ఏదియో అదియే దాని కులగోత్రము. దీనికొక ఉదాహరణము చాలును. టీపీ-లింక్ వారి డబ్ల్యూఎన్725ఎన్ అను పరికరము మొదటి కూర్పులో రియల్‌టెక్ వారి 8188సీయూఎస్ అను చిప్పు గలదు. రెండవ కూర్పులో 8188ఈయూఎస్. పేరొక్కటే, రూపమొక్కటే, డ్రైవర్లు మాత్రము వేరు. 2013 ప్రాంతమున మిత్రుని పరికరమును చూచి అదియే కొన్నవారు, తమది పలుకక తికమకపడినారు. రెండవ దాని సంఖ్య 0బీడీఏ:8179. ఆ సంఖ్య చూచినవారికి చిక్కు వెంటనే విడిపోవును.

మరికొన్ని పరికరములు తొలుత తమను వైర్‌లెస్ అని చెప్పుకొనక, విండోస్ డ్రైవరును మోయు సీడీ వలె కనబడును. వానిని అసలు రూపమునకు మార్చుటకు "యూఎస్‌బీ మోడ్‌స్విచ్" అను సాధనమున్నది.

మూడవది, కెర్నెల్ దినచర్యను చదువుట. లినక్సునకు గుండెకాయ వంటి భాగము కెర్నెల్. అది తాను చేసిన ప్రతి ప్రయత్నమును వ్రాసి యుంచును. డి, ఎమ్, ఇ, ఎస్, జి అని టైపు చేసిన ఆ వ్రాత తెరపై కనబడును. అనుమతి లేదన్నచో ముందు ఎస్, యు, డి, ఓ అని వేరు మాటగా చేర్చవలెను. అందు ఫర్మ్‌వేరు దొరకలేదనియు, దోషము మైనస్ 2 అనియు ఉన్నచో, డ్రైవరు వచ్చినది గాని దానికి కావలసిన ఫైలు లేదని అర్థము. మీడియాటెక్ వారి 7601యు చిప్పునకు డ్రైవరు 2015 నుండి లినక్సులోనే యున్నది. అయినను ఫర్మ్‌వేరు ఫైలు లేనిదే అది కదలదు. ఆ ఫైలు గల ప్యాకేజీని స్థాపించుటయే చికిత్స.

నాల్గవది, నిన్నటివరకు పనిచేసినది నేడు ఆగిపోవుట. దీనికి తరచు కారణము మనమే చేసిన అప్‌డేటు. బయటినుండి తెచ్చి కట్టిన డ్రైవరు ఒక కెర్నెల్‌నకే కుదిరియుండును. కెర్నెల్ మారినచో పాత డ్రైవరు పనికిరాదు. డీకేఎంఎస్ అను సాధనము ద్వారా స్థాపించినచో, కెర్నెల్ మారినప్పుడెల్ల డ్రైవరు తిరిగి కట్టబడును. అందుకు ఆ కెర్నెల్ హెడర్ ఫైళ్లు కూడ ఉండవలెను. ఇంటర్నెట్టునకై డ్రైవరు, డ్రైవరునకై ఇంటర్నెట్టు అను ఈ చిక్కులో పడకుండుటకు, అప్‌డేటునకు ముందే ఒక ఈథర్‌నెట్ తీగను సిద్ధపరచుకొనుట మేలు. ఆ సౌకర్యము లేని పలకకు మరియొక కంప్యూటరులో ఫైళ్లు దించి పెన్‌డ్రైవులో తేవచ్చును.

చివరిది, దేశము పేరు. ఏ దేశమున ఏ తరంగములు వాడవచ్చునో నియమములు వేరు గనుక, దేశమును చెప్పువరకు ఈ పలక వైర్‌లెస్సును బంధించి యుంచుట కలదు. రాస్పీ-కాన్ఫిగ్ అను సాధనములో భారతదేశమును ఎన్నుకొన్నచో బంధము విడును.

ఇన్నియు చేసియు ఫలితము లేనప్పుడు, అదే పరికరమును మరియొక కంప్యూటరులో పెట్టి చూడుడు. అక్కడను పలుకనిచో అప్పుడు చెడినదనవచ్చును. పలికినచో, ఒక కాగితముపై చిప్పు గుర్తింపు సంఖ్యను, కెర్నెల్ సంఖ్యను, దినచర్యలోని దోషవాక్యమును ఉన్నదున్నట్లు వ్రాసికొనుడు. "పని చేయుటలేదు" అని చెప్పువానికి ఎంతటి నిపుణుడును సాయపడలేడు. ఈ మూడు పంక్తులతో వచ్చిన బాలునికి దారి చూపుట ఎవరికిని కష్టము కాదు.