గురువు మారినను నిలుచు గెలుపు
(పెదపాటి సభయందు ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు చేసిన ప్రసంగము)

  

విద్యార్థి వేతనములను గూర్చియు, వసతిగృహమును గూర్చియు పెద్దలు విపులముగా ప్రసంగించిన యీ వేదికమీద ఆటలను గూర్చి నాలుగు మాటలు చెప్పుటకు నాకవకాశ మొసంగిన కార్యనిర్వాహకవర్గమువారికి నా వందనములు. నేను పండితుడను గాను. ముప్పదియేండ్లకు పైగా ఉన్నత పాఠశాలలయందు ఈలవేసి జీవించినవాడను. పిల్లలు నన్ను 'డ్రిల్లు మాస్టారు' అనిరి. అంతకు మించిన బిరుదు నాకు లేదు, అక్కరయు లేదు.

ఈ యుదయమున ఒక దాత మన ప్రాంతపు ఉన్నత పాఠశాలల చెడుగుడు పోటీకై పెద్ద వెండికప్పు నొసంగుదునని సభవారి కరతాళధ్వనుల నడుమ వాగ్దానము చేసియున్నారు. వారి ఔదార్యము కొనియాడదగినది. అయినను ఆ కప్పు చేయించుటకు పూర్వము ఒక్క మాట వినుడని వారిని, తమ్మందరిని ప్రార్థించుటకే నేను లేచితిని. కప్పు గెలిచినవాని యింటికి పోవును. గెలుచుట యనునది ఎచ్చట పుట్టుచున్నది, ఎచ్చట చచ్చుచున్నది యని మనమొకపరి విచారింపవలదా?

పెదపాడు మొదలుకొని కొల్లేటి లంకల వరకు గల పల్లెలలో కూతపెట్టుట యెరుగని పిల్లవాడు అరుదు. సంక్రాంతి పండుగకు బరులు గీసి ఊరూర పోటీలు పెట్టుట మన కలవాటు. పిల్లలకు బలము గలదు, రోషము గలదు. అయినను మన పాఠశాలల జట్ల చరిత్ర చూతుమేని ఒక విచిత్రము కనబడును. ఒక బడి నాలుగేండ్లు మండలమును, జిల్లాను జయించును. ఐదవయేట దాని పేరు వినబడదు. పిల్లల రక్తము చల్లబడెనా? లేదు. బదిలీలు వచ్చినవి. వ్యాయామోపాధ్యాయుడు వేరొక యూరికి పోయినాడు. ఆయన వెంట ఆటయు మూటగట్టుకొని పోయినది.

బదిలీ ప్రభుత్వోద్యోగ ధర్మము. దానిని మన మాపలేము, ఆపగోరుటయు న్యాయము గాదు. చెడుగుడు నేర్చిన బడికి వాలీబాలు మాస్టరు వచ్చును. ఖోఖో ఆడు బాలికల బడికి పరుగుపందెముల మాస్టరు వచ్చును. కాబట్టి అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: గురువు మారినప్పుడు బడిలో మిగులున దేమి?

ఈ ప్రశ్నకు సమాధానము నేను గ్రంథములలో చదువలేదు. నా తప్పువలన నేర్చుకొంటిని. దానిని దాచక మనవిచేయుచున్నాను.

కొల్లేటి సమీపమున ఒక ఉన్నత పాఠశాలకు నేను బదిలీపై పోయిన కాలమది. నాకు పూర్వమున్న మాస్టారు చెడుగుడులో ఆ బడికి గొప్ప పేరు తెచ్చి వెడలిపోయిరి. నేను వాలీబాలు ఆటగాడను. వయసుపొగరు గలదు. పోయిన మొదటి దినమున తెలతెలవారుచుండగా చూచితిని గదా, ఇరువదిమంది పిల్లలు చీపుళ్లు పట్టుకొని ఆటస్థలము నూడ్చుచున్నారు! గాజుపెంకులు, ముళ్లు ఏరుచున్నారు. పిమ్మట పదవ తరగతి కుఱ్ఱవాడొకడు పేర్లు పిలిచినాడు. ఆ తరువాత పెద్దపిల్ల వాడొక్కడును చిన్నపిల్ల వాడొక్కడును జతగా నిలిచి, పెద్దవాడు చిన్నవానికి పట్టు నేర్పినాడు. ఇందుకు అరగంట పట్టినది. నాకది వట్టి కాలహరణముగా తోచినది. వారము తిరుగకమున్నే చీపుళ్లు మాన్పించితిని, జతలు విడదీసితిని, బరి గీసియున్నచోట వల కట్టించితిని. 'ఇకమీదట నేను చెప్పినదే ఆట' అంటిని.

ఆ యేడు గడచునప్పటికి ఇరువదిమంది తొమ్మండుగురైరి. మండలపు పోటీలలో తొలి యాటలోనే ఓడితిమి. ఊరి పెద్దలు కొందరు నన్ను బదిలీ చేయించుటకు అర్జీ వ్రాయించిరి. వారి కోపము నాకర్థమైనది గాని, నా తప్పు మాత్రము నాకప్పటికిని అర్థముకాలేదు. ఒకనాటి సాయంకాలము తొమ్మిదవ తరగతి పిల్లవాడొకడు నా గది ముంగిట నిలిచి, తలవంచుకొని యిట్లనెను: "మాస్టారండీ, మీరు వాలీబాల్ నేర్పండి, నేర్చుకుంటామండీ. గ్రౌండు ఊడ్చే పని మాత్రం మాకు మళ్లీ ఇచ్చెయ్యండి."

మహాజనులారా! ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నేను చీపురనుకొన్నది చీపురు గాదు. ఈ స్థలము మాది, ఈ జట్టు మాది, మాకు పిమ్మట వచ్చువారికి దీనిని మేమే అప్పగింపవలెను అను భావము ఆ చీపురు పిడిలో నున్నది. వెళ్లిపోయిన గురువు పిల్లలకు చెడుగుడు నేర్పుటతో పాటు, తాను లేకున్నను నడచునట్టి యొక నడవడిని నేర్పిపోయినాడు. నేను వచ్చి దానినే తెగగొట్టితిని. మరునాడు చీపుళ్లు తిరిగి యిచ్చితిని. నేనును ఒకటి పట్టితిని. బరి మరల గీయించి, వలను ప్రక్కకు జరిపితిని. గొలుసుపట్టు నాకు సరిగా రాదని ఒప్పుకొని పదవ తరగతి పిల్లల వద్ద నేర్చుకొంటిని. మూడవయేట జిల్లా తుదిపోటీవరకు పోయి, అచ్చట ఓడితిమి. ఆ యోటమికి నేను చింతింపను. నేను బదిలీయై పోయిన పిమ్మటను ఆ బడిలో తెల్లవారుజామున చీపుళ్ల చప్పుడు వినబడుచుండె నని తెలిసి నేను పొందిన సంతోషము ఏ కప్పును ఈయజాలదు.

నా చిన్న యనుభవమును పెద్దవారి చరిత్రతో సరిచూతము. హైదరాబాదునందు సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు వృత్తిచేత బడిపంతులు. ఆయన శిక్షణలో హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు పర్యాయములు రోవర్సు కప్పును గెలిచినది. ఆయన యాధ్వర్యమున భారత ఫుట్‌బాలు జట్టు 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును ఏషియా క్రీడలలో స్వర్ణపతకములు పొందినది; 1956 మెల్‌బోర్ను ఒలింపిక్సున నాలుగవ స్థానమున నిలిచినది. కుడికాలివాడు ఎడమకాలితోనే తన్నవలెనని నియమము పెట్టి పిల్లలకు పోటీలు నడిపిన సూక్ష్మబుద్ధి ఆయనది. 1963 జూన్ 11వ తేదీన ఆయన దివంగతులైరి. పిమ్మట ఏషియా క్రీడలలో ఫుట్‌బాలు స్వర్ణము మనకు మరల రాలేదు. 1960 రోము తరువాత మన జట్టు ఒలింపిక్సు మెట్టెక్కలేదు. దీనికంతకు ఒక్కరి మరణమే కారణమనుట సరికాదు. ఇతర దేశములును పుంజుకొన్నవి. అయినను అట్టి గురువు విద్య బడిబడికి పాతుకొని యుండినచో ఇంతటి వెలితి కలుగునా యని నాకు తోచుచుండును.

దీనికి భిన్నమైన కథయు మన తెలుగునాటనే కలదు. శ్రీకాకుళము జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణము మల్లీశ్వరికి బరువులెత్తుట నేర్పిన తొలి గురువు నీలంశెట్టి అప్పన్న గారు. పల్లెటూరి వ్యాయామశాల అది. ఆమె తరువాత జాతీయ శిబిరములకు పోయినది, గురువులు మారిరి. 1994, 1995 సంవత్సరములలో ప్రపంచవిజేత యైనది. 2000 సెప్టెంబరు 19వ తేదీన సిడ్నీ ఒలింపిక్సునందు 69 కిలోల తరగతిలో 110, 130 కిలోలు, మొత్తము 240 కిలోలెత్తి కాంస్యము పొందినది. ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారతస్త్రీ ఆమెయే. పూసర్ల వెంకట సింధు సంగతియు నట్టిదే. తొలిపాఠములు సికింద్రాబాదున మెహబూబ్ అలీ గారి వద్ద. పెంపకము పుల్లెల గోపీచంద్ గారి వద్ద. 2016 రియో రజతము ఆ కాలమునాటిది. 2019లో బాసెల్ నగరమున ప్రపంచవిజేత యైననాడు ఆమెకు తోడునిలిచినది కొరియా శిక్షకురాలు కిమ్ జీ హ్యున్. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సున కాంస్యమునాటికి శిక్షకుడు పార్క్ తే సాంగ్. ఇందరు మారినను ఆట చెడలేదు. ఏలయన, వచ్చిన ప్రతి గురువును ముందటివాని పునాదిని త్రవ్విపోయక, దానిపైననే గోడ లేపెను.

ఇక మన కర్తవ్యమేమి? మొదట మనము చేయరాని పనులు చెప్పెదను. ఒక్క యేడు ఓడగానే 'ఈ మాస్టరును మార్పింపుడు' అని అధికారుల గడపలు త్రొక్కరాదు. క్రొత్తవానికి కనీసము రెండేండ్లు గడువీయవలెను. రెండవది, 'మావాడు జట్టులో నుండవలెను' అని కబురంపరాదు. ఈ సభలోని పెద్దలు నన్ను మన్నింపవలెను. మనవాడైనంత మాత్రమున అర్హుడుగానివాడు బరిలో నిలిచినచో తక్కిన ఆర్గురి రోషము ఆ దినమే చల్లారును. మనది కులసంఘమే, కాని గొలుసుపట్టున చేయి చేయి కలిపిన యేడుగురిలో కులమెక్కడిది? ప్రక్కవాని చేతిపట్టు వదలినచో కూతకు వచ్చినవాడు దాటిపోవును, అంతే. మన సంఘ మొసంగు ధనము బడికి చేరినపిమ్మట అది ఆ బడిలోని పిల్లలందరిది. అట్లు తలచి యీయగలిగినచో మన సంఘమునకు కీర్తి.

క్రొత్తగా వచ్చు ఉపాధ్యాయునకును ఒక విన్నపము: మొదటి నెల ఏదియు మార్పక చూడుడు. ఏది మంచి యలవాటో, ఏది వట్టి చాదస్తమో చూచినగాని తెలియదు. వెళ్లిపోవు ఉపాధ్యాయుడు ఒక పుస్తకము వ్రాసి ప్రధానోపాధ్యాయుని వద్ద నుంచవలెను: ఏ పిల్లవాడు ఏ పట్టులో గట్టి, ఎవనికి మోకాలి నొప్పి, ఏ బాలికను పెద్దమనిషి కాగానే ఇంటివారు ఆట మాన్పింపజూచుచున్నారు, వారితో ఎవరు మాటలాడిన వినెదరు. ఈ చివరి సంగతి చిన్నదిగాదు. మల్లీశ్వరిని తల్లి ప్రోత్సహించినది గనుక ఆమె మనకు దక్కినది. మన యిండ్లలో ఆగిపోయిన మల్లీశ్వరులెందరో!

ఇప్పుడా వెండికప్పు మాట. దాతగారు మన్నింతురుగాక! కప్పు చిన్నది చేయించుడు; అది కంచుదైనను చాలును. మిగిలిన సొమ్ముతో ఏటేట కొనసాగు నొక నిధి నేర్పాటు చేయుడు. వానకాలమున మన నల్లరేగడి నేల మోకాలిలోతు బురదయగును. ఆటస్థలమున నాలుగు బండ్ల ఇసుక పోయింపుడు. బరి గీయుటకు సున్నము, బంతులు, వల, తెల్లవారుజామున వచ్చు బీదపిల్లలకు నానవేసిన శనగలు, ఉడికించిన గ్రుడ్డు, బాలికలు బట్టలు మార్చుకొనుటకు తలుపుగల యొక గది — ఇవి మాస్టరు బదిలీతో పోవు వస్తువులు గావు. సంక్రాంతి దినములలో కోడిపుంజుల కాళ్లక్రింద మనవారు పోయు సొమ్ములో వీసమెత్తు చాలును, ఈ నిధి నిండుటకు. పదవ తరగతి దాటి కళాశాలకు పోయిన పాత యాటగాండ్రు సెలవులలో వచ్చి చిన్నవారికి నేర్పుటకు దారిఖర్చు కూడ దీనినుండి యీయవచ్చును. పాత విద్యార్థి యొకడు తిరిగివచ్చి బరిలో నిలిచినచో ఏ బదిలీయుత్తరువును ఆ జట్టును చెదరగొట్టజాలదు.

గెలుపన నేమని నన్నడుగుదురేని, నా యనుభవమున కెరుకైన మట్టుకు చెప్పెదను. మాస్టరు రాని దినమునను పిల్లలు వేళకు వచ్చుట. ఓడినవానికి చేయిచ్చి లేపుట. నిర్ణేత యీలకు ఎదురు చెప్పకుండుట. చిన్నవానికి నేర్పనిదే తన యాట ముగియలేదని పెద్దవాడు తలచుట. ఇవి యున్నచోట కప్పులు వాటంతట అవే వచ్చును, ఒక్కొక్కప్పుడు రాకపోవును. రాకున్నను ఆ పిల్లలు చెడిపోరు.

పొద్దు గడచినది.  రేపు తెల్లవారుజామున తమ యూరి పాఠశాల ప్రక్కగా పోవునప్పుడు ఒక్క నిమిషము నిలిచి చెవియొగ్గుడని ప్రార్థించుచు, చీపురు చప్పుడు వినబడినచో ఆ బడికి చేయూత నీయుడనియు, వినబడకున్నచో ఒక చీపురు కొనిపొండనియు విన్నవించి, సెలవు గైకొనుచున్నాను.