మూతి పేలుట: హెర్పీస్ వైరసును, దాని మందును గూర్చి



జ్వరము వచ్చినపుడు పెదవి యంచున చిన్న చిన్న నీటిపొక్కులు గుంపుగ లేచుట మీరందరు నెరిగినదే. "మూతి పేలినది, ఇక జ్వరము పోయినట్లే" యని మన యిండ్లలో పెద్దలు చెప్పుదురు. జ్వరమునకును పొక్కులకును సంబంధ మున్నమాట నిజమే. కాని జ్వరము పొక్కులను పుట్టింపలేదు. అనేక సంవత్సరములుగ ఆ మనుష్యుని దేహములో నిద్రించుచున్న యొక వైరసును మేల్కొలిపినది. దాని పేరు హెర్పీస్ సింప్లెక్స్. అది దేహకణములలో నెట్లు చొరబడును, మందునకు లొంగక యెట్లు తప్పించుకొనును, అందువలన మనము తెలిసికొనవలసిన దేమి యను విషయమును మనవి చేసెదను.

ఈ వైరసులో రెండు తెగలు కలవు. మొదటిది ముఖ్యముగ నోటిని, ముఖమును పట్టును. చిన్నతనముననే ఎంగిలివలనను, ముద్దులవలనను సోకును. రెండవది మర్మావయవములను పట్టును. స్త్రీపురుష సంపర్కమువలన సోకును. ప్రపంచారోగ్య సంస్థవారి యంచనా ప్రకారము 2020లో ఏబది యేండ్లలోపు వారిలో సుమారు 380 కోట్ల మందికి మొదటి తెగ వైరసు సోకియున్నది. అనగా నూటికి 64 మంది. కావున నిది యెవరికిని సిగ్గుపడవలసిన వ్యాధి కాదు. ఆటలమ్మను, సర్పిని కలిగించునది దీని జ్ఞాతియైన మరియొక వైరసు. రెంటిని ఒకటిగ భావింపరాదు.

ఒక మిల్లీమీటరును అయిదువేల భాగములు చేసిన, అందొక భాగమంత యుండును ఈ వైరసు. తనంతట తాను పెరుగజాలదు. పరుల యింటిలో చేరి, వారి గిన్నెలతో, వారి ధాన్యముతో వండుకొనవలసినదే. దాని పైపొరపై కొన్ని మాంసకృత్తు ముండ్లు కలవు. కొన్ని ముండ్లు మన కణముయొక్క పైభాగమున మెల్లగ తగులుకొనును. మరియొకటి అచ్చట నుండు గొళ్లెమువంటి పదార్థమును వెదకి గట్టిగ పట్టుకొనును. అంతట వైరసు పొరయు కణపు పొరయు నేకమైపోవును. లోని పెట్టె కణములో పడి, కేంద్రకము దాక చేరి, అందలి రంధ్రముగుండ తన డి.ఎన్.ఏ.ను లోనికి దించును. ఒక్క దినములోపలనే ఆ కణము వేలకొలది క్రొత్త వైరసులను తయారుచేసి తాను నశించును. మనము చూచు పొక్కు ఇట్లు నశించిన కణముల గుంపే.

ఇంతటితో కథ ముగియదు. కొన్ని వైరసులు చర్మములోని నరపు కొసలలో దూరి, నరము వెంబడి పైకిపోయి, చెవికి లోపలిభాగమున కపాలములో నుండు నాడీకణముల ముడిలో దాగికొనును. అచ్చట పెరుగవు, హాని చేయవు, జీవితాంతము పోవు. జ్వరము, ఎండ, బడలిక, మనోవ్యథ కలిగినపుడు వచ్చిన దారినే తిరిగి పెదవికి దిగును.

దీనికి మందు కలదు. దాని పేరు ఏసైక్లోవిర్. అది పనిచేయు విధమును గెర్ట్రూడ్ ఎలియన్ అను అమెరికా విదుషియు నామె తోడి పండితులును 1977లో వెల్లడించిరి. ఆమెకు 1988లో జార్జి హిచింగ్స్, జేమ్స్ బ్లాక్ అనువారితో పాటు నోబెల్ బహుమానము లభించెను. మింగినపుడు ఈ మందు ముద్ర పడని దస్తావేజు వంటిది, చెల్లదు. దానిపై ఫాస్ఫేటు అను రసాయనపు ముద్రలు మూడు పడవలెను. మొదటి ముద్ర వేయగల గుమాస్తా థైమిడీన్ కైనేజ్ అను ఎంజైము. వైరసు తన పనికొరకు వానిని వెంట తెచ్చుకొనును. కావున వైరసు పెరుగుచున్న కణములలోనే మందు చెల్లుబాటగును. ఆరోగ్యముగ నున్న కణములకు హాని చాల తక్కువ. తక్కిన రెండు ముద్రలను మన కణమే వేయును. అటుపై నా మందు వైరసు అల్లుచున్న డి.ఎన్.ఏ. గొలుసులో కొక్కెము లేని కడియమువలె చేరును. దానికి తరువాతి కడియము తగులదు; గొలుసు అచ్చటనే నిలిచిపోవును.

ఇందు మనకు సంతోషము కలిగించు విషయ మొకటి కలదు. ఆ మొదటి ముద్రకు వలయు ఫాస్ఫేటు ఏ.టి.పి. యను పదార్థమునుండి వచ్చును. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కే యను నాచార్యునితో గూడి, 1929లో దానిని కనుగొనిరి. అదే యేట జర్మనీలో కార్ల్ లోమన్ వేరుగ కనుగొనెను. పైన చెప్పిన హిచింగ్స్ విద్యార్థిగ నుండినది ఆ ఫిస్కే ప్రయోగశాలలోనే.

ఇక మందునకు లొంగకపోవుట యెట్లు? వైరసు తన డి.ఎన్.ఏ.ను నకలు వ్రాసికొనునపుడు అప్పుడప్పుడు తప్పులు దొర్లును. ఒక్కొక తప్పువలన ఆ గుమాస్తా లేని వైరసు పుట్టును. లేదా గుమాస్తా యుండియు ఈ మందుపై ముద్ర వేయడు. మందునకు లొంగని వైరసులలో నూటికి 95 ఈ విధమైనవే. తక్కినవానిలో గొలుసు అల్లు ఎంజైమే మారి, కొక్కెము లేని కడియమును త్రోసివేయును.

ఇది విని మందుపై విశ్వాసము వదలుకొనరాదు. ఆరోగ్యవంతులలో ఇట్టి వైరసు నూటికి ఒకరిలోనైనను కనబడదు. గుమాస్తాను పోగొట్టుకొన్న వైరసునకు నరములనుండి తిరిగి మేల్కొను శక్తియు సాధారణముగ తగ్గును. ఎయిడ్స్ రోగులు, ఎముకమూలుగ మార్పిడి పొందినవారు మొదలగు దుర్బలులలోనే దీని భయము హెచ్చు. అట్టివారికి ముద్ర యక్కరలేక పనిచేయు ఫాస్కార్నెట్ అను మందును నరము ద్వారా ఎక్కింతురు. అది మూత్రపిండములకు భారమైనది. కావున వైద్యశాలలోనే ఇయ్యవలెను.

"మందు వాడితిని, మరల పొక్కులు లేచినవి; మందు పనిచేయలేదు" అని పలువు రందురు. అది లొంగకపోవుట కాదు. నిద్రించు వైరసు గొలుసు అల్లదు. అల్లని దానిని ఈ మందు ఆపజాలదు. కావుననే పెదవి చురచురలాడిన తొలిదినముననే మందు మొదలిడినచో గుణము మిక్కిలి.

గ్రామమున నలుగురికి మంచి చెప్పగల పెద్దలు మీరు. మూడు సంగతులు మీ మాటగ చెప్పవలెనని నా ప్రార్థన. పెదవిపై పొక్కులున్నవారు, అమ్మమ్మయైనను నాయనమ్మయైనను, పసికందును ముద్దాడరాదు. నెలలోపు శిశువునకిది ప్రాణాంతకము కావచ్చును. కంటికి సోకినచో ఆకుపసరులు పోయరాదు, వైద్యుని యడుగక స్టెరాయిడ్ చుక్కలు వేయరాదు; చూపు పోవును. మూడవది అన్నింటికన్న ముఖ్యము. ఒక్కొకప్పుడు ఈ వైరసు మెదడును పట్టును. జ్వరముతో నున్న మనిషి హఠాత్తుగ పొంతన లేక మాటలాడును, తనవారిని గుర్తింపడు, మూర్ఛిల్లును. "గాలి సోకిన"దని భూతవైద్యునికొరకు మనుష్యుల నంపుదురు. చికిత్స లేనిచో ఇట్టివారిలో నూటికి సుమారు 70 మంది మరణింతురు. ఏసైక్లోవిర్ నరము ద్వారా వెంటనే ఎక్కించినచో ఆ మరణములు సగమునకు పైగ తగ్గును. ఆ రాత్రి బండి కట్టవలసినది పెద్ద ఆసుపత్రికే గాని, మరియొక చోటికి కాదు.