బొమ్మల సంతలో బేరానికి ముందు
(అరకులోయ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను సంగతులు చాలా మాట్లాడుకున్నాం, ఈసారి వేరే విషయం చెప్పమన్నారు కార్యదర్శిగారు. డి.ఏ. బకాయిలకంటె బొమ్మలు తేలిక గదా అని ఒప్పుకున్నాను.

బొమ్మలు సేకరించేవారు సంతలకు, ప్రదర్శనలకు ఎందుకు పరుగెడతారని మా మనుమడే అడిగాడు. వాడి దగ్గర ప్లాస్టిక్ వీరులున్నారు. ఆ జాతికి ఆద్యుడని చెప్పదగిన జి.ఐ. జో అనే అడుగు ఎత్తు సైనికుడిని అమెరికాలో హాస్‌బ్రో కంపెనీ 1964లో తెచ్చింది. మగపిల్లలు 'బొమ్మ' అంటే కొనరని, దానికి 'యాక్షన్ ఫిగర్' అని పేరు పెట్టి న్యూయార్క్ బొమ్మల ప్రదర్శనలో వర్తకులకు చూపారు. ఇలాంటి చోట్ల చూపే నమూనాలలో కొన్ని అంగడికి రానే రావు. అందుకే సేకర్తలకు ఆ ప్రదర్శనల ఫొటోలు, క్యాటలాగులు కూడా అపురూపమే. జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో 1950 నుంచి జరుగుతున్న ప్రదర్శన మాత్రం వర్తకులకే. మనలాంటి వారిని గేటు దాటనివ్వరు.

మన సంతలు అలా కాదు. ఎవరైనా వెళ్ళవచ్చు, చేసినవాడితోనే మాట్లాడవచ్చు. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక సంగతి చూడండి. మన ఆడపిల్లలు ఆడుకున్న లక్కపిడతల ఊరు. తూర్పు కనుమల అంకుడు కర్రను తరిణి పట్టి, తిరుగుతుండగానే లక్క కడ్డీ అదిమితే రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. తరువాత మొగలి ఆకుతో రుద్దితే నునుపు వస్తుంది. ఇదంతా అంగడి అరలో ఉన్న బొమ్మ చెప్పదు. సంతలో ఆ మనిషిని అడగాలి: రంగు ఏమిటి, కర్ర ఎక్కడిది?

రంగు ప్రశ్న చిన్నది కాదు. చంటిపిల్ల బొమ్మను ముందు నోట్లోనే పెట్టుకుంటుంది. మధ్యలో రసాయన రంగులు వచ్చిపడ్డాయి; పసుపు, నీలిమందు, మంజిష్ఠ, మన మన్యంలో చూసే జాఫ్రా గింజ వంటివాటితో రంగులు తిరిగి తయారుచేయించినవారు సి.వి. రాజుగారు. 2020 ఆగస్టు 30 'మన్ కీ బాత్'లో ప్రధాని ఆయన కృషిని ప్రస్తావించారు, 2023లో పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు 2017లో లభించింది. సహజ రంగు కాస్త మెత్తగా కనిపిస్తుంది. మిరుమిట్లు గొలిపేదే మంచిదనుకునే కొనుగోలుదారు వల్లనే పాత రంగులు వెనుకబడ్డాయని నా అభిప్రాయం.

2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి అయింది. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ వద్ద నమోదైన కళాకారులకు మినహాయింపు ఉంది. కనుక నమోదు ఉందా అని అడగడం అవమానించడం కాదు, ఆ పని చేసే అసలు మనిషికి మేలే. పేరు చెప్పి నకిలీ అమ్మేవాడే తడబడతాడు.

అదే ఏడాది ఫిబ్రవరి 27న భారత బొమ్మల ప్రదర్శన మొదలైంది. కరోనా వల్ల అంతా కంప్యూటర్ తెర మీదే! దూరపు బొమ్మలన్నీ కనిపించాయి, నిజమే. కాని వేలితో తట్టి చూడలేని సంత ఏం సంత?

సంతలో ఇంకో లాభముంది, అది మనకు కాదు. కొత్త నమూనా పెట్టిన కళాకారుడు ఎవరు ఆగి చూశారో, ఎవరు ధర విని వెళ్ళిపోయారో గమనిస్తాడు. ఎవరూ కొనకపోతే ఆ నమూనా మళ్ళీ చేయడు, అంతటితో సరి. మధ్య దళారికి అమ్మితే ఈ మాట అతనికి చేరదు. బేరమాడవద్దనను, ఉద్యోగ విరమణ చేసినవాళ్ళం, చేయి బిగువే! అయినా పదిరూపాయల కోసం గంట నిలబెట్టకండి.

నా దగ్గరున్న లక్కపిడతలు ఆ బల్ల మీద పెట్టాను. టీ తరువాత చూడండి. పిల్లలు పట్టుకోవచ్చు, తడిచేతులతో మాత్రం వద్దు.