తొంభై డిగ్రీల తగువు

వీ ఇంజన్ల గురించి మాట్లాడమన్నారు. అన్నిటినీ ముట్టుకుంటూ పోతే దేన్నీ విప్పి చూడలేం. కాబట్టి అమెరికాలోని బ్యూక్ కంపెనీ వీ6 ఒక్కదాన్నే తీసుకుంటాను.

1961 మోడల్‌కు బ్యూక్ 215 ఘనపు అంగుళాల అల్యూమినియం వీ8 తెచ్చింది. మంచి ఇంజనే, కానీ తయారీ ఖర్చెక్కువ. చవక రకం కావాలని అందులోంచి రెండు సిలిండర్లు తీసేసి, పోత ఇనుముతో 198 ఘనపు అంగుళాల వీ6 చేశారు. మన లెక్కలో 3.2 లీటర్లు. 1962 స్పెషల్ కారులో పెట్టారు.

వీ8లో సిలిండర్ల రెండు వరసల మధ్య కోణం 90 డిగ్రీలు. ఆరు సిలిండర్లకైతే 60 సుఖం. అయినా 90నే ఉంచేశారు. ఎందుకంటే వీ8 బ్లాకులు తొలిచే మరలు ఆ కోణానికే బిగించి ఉన్నాయి. ఇంజనీరు లెక్క మీద అకౌంటెంటు లెక్క నెగ్గింది. నన్నడిగితే అందులో తప్పు లేదు.

ఇక క్రాంక్‌షాఫ్ట్ చూడండి. అది రెండు చుట్లు, అంటే 720 డిగ్రీలు తిరిగేలోపు ఆరు సిలిండర్లూ ఒక్కోసారి పేలాలి. సమంగా పంచితే 120కి ఒకటి. బ్యూక్‌లో ఎదురెదురు సిలిండర్ల కనెక్టింగ్ రాడ్లు రెండూ ఒకే క్రాంక్ పిన్ను మీద ఉండేవి. అలాంటి పిన్నులు మూడు, 120 డిగ్రీల ఎడంలో. వరసల కోణం 90 కావడంతో ఒక పేలుడు తర్వాత 90 డిగ్రీలకే ఇంకోటి, ఆపైది 150కి. మళ్లీ 90, మళ్లీ 150. ఐడిలింగ్‌లో ఇంజను కుంటేది అందుకే.

1964లో 225 ఘనపు అంగుళాలకు పెంచారు. 1967లో మరలతో సహా కైజర్ జీప్‌కు అమ్మేశారు. వాళ్లు డాంట్‌లెస్ అని పేరు పెట్టి, బరువైన ఫ్లైవీల్ తగిలించి వణుకు కొంత అణిచారు. జీపెక్కినవాడు ఆ మాత్రం కుదుపును పట్టించుకోడనుకోండి!

1973లో చమురు సంక్షోభం వచ్చిపడింది. అప్పటికి జీప్ అమెరికన్ మోటార్స్ చేతిలో ఉంది. తాను అమ్మిన మరలనే బ్యూక్ యజమాని జనరల్ మోటార్స్ 1974లో తిరిగి కొనుక్కుంది. ఈసారి బోర్ 3.8 అంగుళాలు, స్ట్రోక్ 3.4, మొత్తం 231 ఘనపు అంగుళాలు. 3.8 లీటర్లని పేరుపడ్డది ఇదే.

అసలు మందు 1977లో పడింది. ఉమ్మడి పిన్నును రెండుగా విడదీసి, ఒక సగాన్ని 30 డిగ్రీలు పక్కకు జరిపారు. 90కి 30 కలిస్తే 120. 150లోంచి 30 పోతే అదీ 120. కోణం మార్చకుండానే పేలుళ్లు సమమయ్యాయి. పాత బండ్లు బాగుచేసేవాళ్లకు ఓ మాట: అంతకు ముందరి డిస్ట్రిబ్యూటర్ దీనికి పనికిరాదు.

1978లో టర్బో వచ్చింది. 1987 బ్యూక్ గ్రాండ్ నేషనల్ కారుకు కంపెనీ చెప్పిన బలం 245 హార్స్ పవర్.

పేలుళ్లు సమమైనా, ఇంజన్ను ఆ చివరా ఈ చివరా ఊపే వణుకు మిగిలింది. 1988లో 3800 అనే పేరుతో వచ్చిన రకంలో, వీ మధ్య లోయలో, క్యామ్‌షాఫ్ట్‌కు పైన ఒక బ్యాలెన్స్ షాఫ్ట్ పెట్టారు. అది క్రాంక్ వేగంతోనే, కానీ ఎదురు దిశలో తిరుగుతుంది. ఎదురు దిశ ఎందుకో బోర్డు మీద బొమ్మ గీస్తే గానీ తేలదు. ఆ సుద్దముక్క ఇలా ఇవ్వండి.