మూడో నెల దాకా చెప్పొద్దంటే...

(మహిళా కార్యకర్తల ఆరోగ్య శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



గర్భం గురించి మాట్లాడమంటే ఎక్కువమంది కాన్పు దగ్గర మొదలుపెడతారు. కడుపు కనబడితేనే ఆమె గర్భిణి. కనబడని మొదటి మూడు నెలలూ ఆడమనిషి ఒక్కతే మోసుకు తిరుగుతుంది. "మూడో నెల నిండేదాకా ఎవరితోనూ అనొద్దు, దిష్టి తగులుతుంది" అని ఇంట్లోనే నోరు కట్టేస్తారు. నేను ఆ మూడు నెలల గురించే మాట్లాడతాను. ప్రకాశం జిల్లా పల్లెల్లో చాలా ఏళ్ళు ఏఎన్ఎంగా పనిచేశాను కాబట్టి నా ఉదాహరణలు అక్కడివే.

ముందు లెక్క సంగతి. ఒకామె భర్త చెన్నైలో తాపీపనికి పోయి సంక్రాంతికి ఇంటికొచ్చాడు. ఫిబ్రవరి ఇరవైన స్కాన్ తీస్తే కాగితం మీద ఏడు వారాలని రాశారు. అతను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. తను వచ్చి ఐదు వారాలే. ఆ రాత్రి ఆమెను కొట్టాడు. మర్నాడు పొద్దున్నే ఆమె వాచిన చెంపతో నా దగ్గరికొచ్చింది.

డాక్టర్లు గర్భాన్ని ఆఖరి ముట్టు మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. నిజంగా గర్భం నిలిచేది ఆ తర్వాత దాదాపు రెండు వారాలకి. అంటే నెల తప్పిన రోజుకే కాగితం మీద నాలుగు వారాలు! నేను కేలండరు పట్టుకుని వాళ్ళ అరుగు మీద కూర్చుని అతనికి గంటసేపు చెప్పాను. నమ్మలేదు. డాక్టరుగారు రెండు ముక్కలు చెబితే నమ్మాడు. ఆయన చెప్పిందీ నా మాటే అనుకోండి. ఈ రెండు వారాల తేడా తెలియక ఎన్ని ఇళ్ళలో అనుమానాలు రేగాయో! మీరు ఏ ఊళ్ళో మీటింగు పెట్టినా ముందు ఈ ఒక్క విషయం, మగవాళ్ళు కూడా ఉన్నప్పుడు చెప్పండి.

ఇక ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. నెల తప్పితే ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగా దొరికే కిట్టుతో మూత్రం పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. రొమ్ములు సలుపుతాయి. మాటిమాటికీ మూత్రం వస్తుంది. మరుగుదొడ్డి లేని చోట ఆడవాళ్ళు దానికి భయపడి నీళ్ళు తాగడం మానేస్తారు, మూత్రంలో మంట తెచ్చుకుంటారు. పగలే నిద్ర ముంచుకొస్తుంది. అత్తగారి భాషలో దానిపేరు బద్ధకం. అది బద్ధకం కాదు, ఒళ్ళు లోపల పెద్ద పని చేస్తోంది. ఆరో వారం నుంచి వేవిళ్ళు. చాలామందికి మూడు నెలలు దాటేసరికి తగ్గుతాయి. పక్క మీద నుంచి లేవకముందే గుప్పెడు మరమరాలో రొట్టె ముక్కో నోట్లో వేసుకుంటే కొంత నయం. రోజంతా గుక్కెడు నీళ్ళు కూడా నిలవకపోయినా, మూత్రం ముదురు రంగులో కొద్దికొద్దిగా వస్తున్నా, అది ఓర్చుకోవలసిన వేవిళ్ళు కాదు, ఆసుపత్రిలో సెలైను పెట్టించవలసిన జబ్బు.

మా జిల్లాలో మరో చిక్కు ఉంది. పొగాకు సీజనులో ఆడవాళ్ళు పచ్చాకును కర్రలకు కడతారు. తడి ఆకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. వాంతులు, తల తిరగడం, నీరసం. అచ్చం వేవిళ్ళే! ఏది ఆకు వల్లో, ఏది కడుపు వల్లో ఆమెకే తెలియదు. నికోటిన్ కడుపులో పిండానికి హాని. కానీ గర్భం సంగతి గుట్టుగా ఉంచాలి కదా, పని మానడానికి ఏ కారణం చెబుతుంది? మానితే కూలి పోతుంది. దిష్టి సంగతి దేవుడెరుగు, గుట్టు ఆమె చేత ఆ పచ్చాకు పట్టిస్తోంది.

అందరికీ చెప్పి తీరాలని నేననను. పెళ్ళికాని పిల్ల ఉంటుంది, చెబితే పనిలోంచి తీసేస్తారని భయపడే ఆమె ఉంటుంది. ఎవరికి చెప్పాలో ఆమె నిర్ణయం. చెప్పడానికి నమ్మకమైన మనిషి ఒకరు ఉండేలా చూడటం మన పని.

కడుపు పోవడం గురించి మాట్లాడటం నాకు కష్టం. 1989లో నాకు పదో వారంలో పోయింది. "బస్సులెక్కి ఊళ్ళు తిరిగితే నిలుస్తుందా" అంది మా అత్తగారు. ఊరందరికీ పాఠం చెప్పే నేను ఆ మాట నమ్మాను! నాలుగో రోజున డ్యూటీకి పోయాను. తెలిసిన గర్భాల్లో నూటికి పదిహేను దాకా ఇలా పోతాయి, ఎక్కువ భాగం మొదటి పన్నెండు వారాల్లోనే. వాటిలో దాదాపు సగానికి కారణం పిండం ఏర్పడినప్పుడే క్రోమోజోముల్లో వచ్చిన తేడా. బస్సూ కాదు, బొప్పాయి ముక్కా కాదు. కొద్దిగా నెత్తురు కనబడ్డంత మాత్రాన కడుపు పోయినట్టూ కాదు, చాలామందికి ఆగిపోతుంది. అయినా చూపించుకోవాలి. పొత్తికడుపులో ఒకవైపు గట్టిగా నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం, భుజం లాగడం ఉంటే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు. గర్భం నాళంలో నిలిచి పగిలితే ప్రాణం పోతుంది.

గర్భస్రావానికి జీతంతో ఆరు వారాల సెలవు 1961 ప్రసూతి చట్టంలోనే పెట్టారు. 1995లో వైద్యులచేత చేయించుకున్నదాన్నీ అందులో చేర్చారు. అయితే అది ఫ్యాక్టరీ, దుకాణం, ఆఫీసు లాంటి చోట్ల పనిచేసేవారికి. పొలంలో ఆకు కట్టే ఆమెకు ఏ సెలవూ లేదు. మనం పోట్లాడవలసింది అక్కడ.

గర్భం వద్దనుకున్న వాళ్ళ మాట. మాత్రలతో తీయించుకోవడానికి తొమ్మిది వారాల దాకానే అనుమతి. ఇందాక చెప్పిన లెక్క ఇక్కడ మళ్ళీ అవసరం, రెండు వారాలు తక్కువ లెక్కపెట్టుకుంటే గడువు దాటిపోతుంది. ఇరవై వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలని 2021 సవరణ చెబుతోంది. పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీకి ఆమె సంతకం ఒక్కటే కావాలి. మొగుడి సంతకం అడిగితే చట్టంలో ఎక్కడుందో చూపించమనండి. ఆమె పేరు బయటపెట్టడం నేరం. ఇరవై నుంచి ఇరవైనాలుగు వారాల వరకు కొందరికే ఉన్న వెసులుబాటు పెళ్ళికాని వారికీ వర్తిస్తుందని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

ఉంచుకునేవాళ్ళు పన్నెండు వారాల లోపే పేరు నమోదు చేయించుకుని కార్డు తీసుకోవాలి. మొదటి మూడు నెలలు ఫోలిక్ యాసిడ్, నాలుగో నెల నుంచి ఐరన్ మాత్రలు. స్కాన్ గర్భం ఎక్కడుందో, ఎన్ని వారాలో చూడటానికి. "పిల్లాడా, పిల్లా" అని అడిగించడానికి ఎవరైనా వెంటబడి తీసుకుపోతుంటే 1994 చట్టం గుర్తుచెయ్యండి.

నేను చెప్పదలచింది ఇంతే. వెనక వరసలో ఎర్రచీర చెల్లెలు ఇందాకటి నుంచి ఏదో అడగాలని చూస్తోంది. అడుగమ్మా, అందరికీ పనికొచ్చే ప్రశ్నే అయ్యుంటుంది.