పెద్దపేగు క్యాన్సర్: ఆలస్యం ఎక్కడ జరుగుతుంది?

(రోగుల కుటుంబసభ్యుల కోసం ఏర్పాటు చేసిన ఆరోగ్య అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

మీలో చాలామంది మీ వాళ్ళను వార్డులో ఉంచి వచ్చారు కాబట్టి ఎక్కువసేపు తీసుకోను. పెద్దపేగుకు, పురీషనాళానికి వచ్చే క్యాన్సర్ గురించి, ముఖ్యంగా దాన్ని కనిపెట్టడంలో జరిగే ఆలస్యం గురించి నాలుగు మాటలు చెబుతాను. ఉదాహరణకు అమెరికాను తీసుకుంటాను. అక్కడ ఈ ఆలస్యాన్ని లెక్కగట్టారు, తగ్గించి కూడా చూపించారు.

ముందు ఈ జబ్బు స్వభావం తెలుసుకుందాం. ఇది రాత్రికి రాత్రి వచ్చేది కాదు. పేగు లోపలి పొర మీద పాలిప్‌లు అనే చిన్న పిలకలు మొలుస్తాయి. వాటిలో కొన్ని మాత్రమే క్యాన్సరుగా మారతాయి. అలా మారడానికి సాధారణంగా పదేళ్ళు పడుతుంది. ఈలోగా కొలనోస్కోపీ చేసి ఆ పిలకను తీసివేస్తే అక్కడ క్యాన్సర్ రాకుండానే ఆపవచ్చు. పేగు గోడ వరకే ఉన్నప్పుడు కనిపెడితే, అమెరికా లెక్కల ప్రకారం, నూటికి సుమారు 90 మంది అయిదేళ్ళు దాటి బతుకుతున్నారు. కాలేయానికో, ఊపిరితిత్తులకో పాకిన తర్వాత కనిపెడితే ఆ సంఖ్య సుమారు 15కు పడిపోతుంది. జబ్బు ఒక్కటే అయినా, కనిపెట్టిన రోజును బట్టి ఫలితం మారిపోతుంది.

అమెరికాలో నల్లజాతీయులకు ఈ క్యాన్సర్ మిగతావారికంటే సుమారు 20 శాతం ఎక్కువగా వస్తోందని, దీనితో చనిపోయే అవకాశం సుమారు 40 శాతం ఎక్కువని అమెరికన్ క్యాన్సర్ సొసైటీ చెబుతోంది. రావడంలో కంటే చనిపోవడంలో తేడా ఎక్కువగా ఉంది, గమనించండి. జబ్బు ముదిరాక బయటపడటం, బయటపడ్డాక కూడా వైద్యం సకాలంలో సరిగా అందకపోవడం దీనికి ముఖ్య కారణాలు.

వాళ్ళ శరీరమే వేరేమో అని మీకు అనిపించవచ్చు. అది సరైన జవాబు కాదు. ఒక మనిషికీ పరీక్షకూ మధ్య ఎన్ని అడ్డంకులున్నాయో చూడండి. బీమా లేదు. దగ్గరలో పేగుల డాక్టరు లేడు. కొలనోస్కోపీకి ముందు రోజు పేగు శుభ్రం చేసుకోవాలి, మర్నాడు వెంట ఒక మనిషి రావాలి, రెండు రోజుల కూలి పోతుంది. మల పరీక్షలో రక్తం కనిపించినా ఆ తర్వాతి కొలనోస్కోపీ నెలల తరబడి వాయిదా పడుతుంది. కొందరికైతే పరీక్ష చేయించుకోమని ఏ డాక్టరూ చెప్పనే లేదు.

వీటికి తోడు అపనమ్మకం. అలబామా రాష్ట్రంలోని టస్కెగీలో 1932 నుండి 1972 వరకు వందలాది నల్లజాతి పురుషులకు సిఫిలిస్ జబ్బు ఉందని తెలిసీ, పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా వైద్యం చేయకుండా గమనిస్తూ ఉండిపోయారు. ఆ సంగతి తెలిసిన కుటుంబాలు ఆసుపత్రిని అనుమానిస్తే తప్పు వాళ్ళది కాదు.

ఇంకొకటి వయసు. నటుడు చాడ్విక్ బోస్‌మన్‌కు ఈ క్యాన్సర్ 2016లో మూడవ దశలో బయటపడింది. 2020 ఆగస్టులో, 43వ ఏట, ఆయన కన్నుమూశారు. అప్పట్లో అక్కడి ప్రభుత్వ నిపుణుల సంఘం అందరికీ 50 ఏళ్ళ నుండే పరీక్షలు సిఫారసు చేసేది. 2021లో దాన్ని 45కు తగ్గించారు. అమెరికాలో ఉన్న మీ పిల్లలకు, తోబుట్టువులకు 45 నిండితే ఈ మాట తప్పక చెప్పండి.

ఇక మంచి కబురు. డెలవేర్ అనే చిన్న రాష్ట్రం 2002లో ఒక పథకం మొదలుపెట్టింది. బీమా లేనివారికి పరీక్ష ఖర్చు ప్రభుత్వమే భరించింది. క్యాన్సర్ బయటపడితే వైద్యానికి కూడా సాయం చేసింది. అంతకంటే ముఖ్యంగా, ప్రజలకు దారి చూపడానికి నర్సులను నియమించింది. వాళ్ళు ఫోన్ చేసి, తేదీ తీసుకుని, భయం పోగొట్టి, పరీక్ష పూర్తయ్యేదాకా వెంట ఉండేవారు. 2002లో పరీక్ష చేయించుకున్న నల్లజాతీయులు నూటికి 48 మంది. 2009 నాటికి 74 మంది. తెల్లజాతీయుల్లోనూ అప్పటికి 74 మందే, అంటే తేడా పోయింది. నల్లజాతీయుల్లో పేగు దాటి పాకాక బయటపడే కేసులు నూటికి 79 నుండి 40కి తగ్గాయి. మరణాలు 42 శాతం తగ్గి, తెల్లజాతీయులతో దాదాపు సమానమయ్యాయి. ఏడేళ్ళలో ఎవరి శరీరమూ మారలేదు. దారిలోని అడ్డంకులు తొలిగాయి, అంతే.

ఇది మనకెందుకు? మన దేశంలో ప్రభుత్వం ఊరూరా చేయించే క్యాన్సర్ పరీక్షల్లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఉన్నాయి గాని పెద్దపేగు లేదు. కాబట్టి ఇక్కడ దారి చూపే నర్సు పని ఇంటివాళ్ళే చేయాలి. ఈ విషయాలు గుర్తుంచుకోండి.

1. మలంలో రక్తం పడితే మొలలే అని మీరే తేల్చేయకండి. మొలలు ఉన్నవారికి క్యాన్సర్ రాకూడదని లేదు. మందు వాడేముందు డాక్టరు చేత పరీక్ష చేయించండి. వయసు తక్కువని నిర్లక్ష్యం చేయకండి.

2. మలవిసర్జన అలవాటు కొన్ని వారాలుగా మారినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, కడుపునొప్పి వదలకపోయినా చూపించండి.

3. మగవారిలో, ముట్లుడిగిన స్త్రీలలో ఐరన్ లోపంతో రక్తం తగ్గితే మాత్రలతో సరిపెట్టకండి. రక్తం పేగులో ఎక్కడైనా పోతోందేమో చూడమని అడగండి.

4. అమ్మ, అత్తగారు, ఆడపడుచు సిగ్గుపడి ఈ మాట చెప్పరు. మీరే నెమ్మదిగా అడగండి.

5. మీ ఇంట్లో ఒకరికి ఈ క్యాన్సర్ ఉంటే వారి తోబుట్టువులు, పిల్లలు, తల్లిదండ్రులు కూడా పరీక్ష గురించి డాక్టరును అడగాలి. సాధారణంగా 40వ ఏట గాని, రోగికి జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ళ ముందు గాని, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ మొదలుపెడతారు. తండ్రికి 46లో బయటపడితే బిడ్డలకు 36లో అన్నమాట.

చివరగా ఒక్క మాట. పరీక్ష రాసిచ్చిన కాగితం జేబులో ఉంటే పరీక్ష జరిగినట్టు కాదు. తేదీ తీసుకోండి. వెంట ఎవరు వెళ్తారో ఈరోజే అనుకోండి. ఖర్చు గురించి భయముంటే దాచుకోకుండా మాకు చెప్పండి. రిపోర్టు చేతికొచ్చాక దాన్ని డాక్టరుకు చూపించేదాకా మీ బాధ్యత తీరలేదని గుర్తుంచుకోండి. సెలవు.