హాస్టల్లో చేరే ముందు

జూన్, జులై వచ్చిందంటే హైదరాబాద్‌లో మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ సందుల్లో సూట్‌కేసులు పట్టుకుని గదుల కోసం తిరిగే పిల్లలు కనిపిస్తారు. గచ్చిబౌలిలో ఉన్న, 1974 నాటి సెంట్రల్ యూనివర్సిటీలోనో, 1998 నాటి ట్రిపుల్ ఐటీలోనో సీటొస్తే, ముందు క్యాంపస్ వసతి గురించే అడగండి. కోచింగ్‌కో ఇంటర్న్‌షిప్‌కో వచ్చినవాళ్లలో ఎక్కువమందికి ప్రైవేటు హాస్టలే దిక్కు.

బోర్డు చూసి అడ్వాన్సు కట్టెయ్యకండి. రాత్రి భోజనాల వేళకు వెళ్లండి. పప్పు రుచి చూడండి, అక్కడుంటున్న పిల్లల్ని పలకరించండి. ఎండాకాలం నీళ్ల ట్యాంకరు సమయానికి వస్తుందో లేదో యజమాని కంటే వాళ్లే సరిగ్గా చెబుతారు. త్రీ షేరింగ్ అన్న గదిలో మంచాలు లెక్కపెట్టండి. కిటికీ తెరిచి చూడండి. ఉన్న ఒక్క మెట్లదారిలో సామాను పేర్చి ఉంటే మాత్రం, అద్దె ఎంత తక్కువైనా నేను వద్దనే అంటాను. నిప్పంటుకుంటే బయటపడే దారి అదొక్కటే.

ఖాళీ చేసేటప్పుడు మెయింటెనెన్స్ కింద ఎంత పట్టుకుంటారో, ఎన్నాళ్ల ముందు చెప్పాలో కాగితం మీద రాయించుకోండి.

దగ్గరలోనే ఉండాలనీ లేదు. 2019లో మెట్రో రాయదుర్గం దాకా వచ్చింది కాబట్టి అమీర్‌పేటలో ఉండి కూడా రావచ్చు.

ఇక మీ సంగతి. పక్కమంచం మీద ఒకరు అర్ధరాత్రి దాకా ఫోన్లో మాట్లాడుతుంటే మీరు చదవగలరా, నిద్రపోగలరా? తెలియకపోతే మొదట ఒక్క నెలకే మాట్లాడుకోండి.